పంతొమ్మిది వంకాయలు

“పైరుకా, నీకా?”

కంకిపాడులో ఎరువులు, పురుగుమందులు అమ్మే వెంకటకృష్ణారావు కృపను అడిగిన మొదటి మాట ఇది. పక్కన మగమనిషి లేడు. కొట్టుకు ఇంతకుముందు వచ్చిన మొహం కాదు. అడిగింది అన్నిటికన్నా చిన్న డబ్బా. అలా వచ్చే ఆడమనిషి ఎవరైనా సరే, ఆయన ఆ ప్రశ్న అడిగి తీరతాడు. ఒకసారి మొహమాటపడి అడక్కుండా ఇచ్చాడట. వారం తిరక్కుండా పోలీసులొచ్చి బిల్లు పుస్తకం పట్టుకుపోయారు. అప్పటినుంచి మర్యాద మానేశాడు.

కృప నొచ్చుకోలేదు. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో ఆమెకు ఆయనకన్నా బాగా తెలుసు.

“పైరుకేనండి. వంగతోటకి. పదిహేను సెంట్లు.”

“సొంతమా?”

“కౌలండి. రామకోటేశ్వరరావు గారి మెరక, కాలవ పక్కది.”

“ఆ మెరకా? అక్కడ ఇప్పటిదాకా ఎలకలు తప్ప ఏం పెరగలేదే!” అని నవ్వి, ఆయన అలమర వైపు తిరిగాడు.

కృపకు నలభై ఆరేళ్ళు. పదహారేళ్ళు విజయవాడలో ఒక ఆస్పత్రి ఎమర్జెన్సీ వార్డులో ఆయాగా చేసింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళడం, పొద్దు వాలాక బస్సు దిగడం. భర్త ఏసుపాదం లారీ డ్రైవరు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. అత్త సువార్తమ్మ జీవితమంతా పరాయివాళ్ళ పొలాల్లో నాట్లు వేసిన మనిషి. కిందటేడు ఆస్పత్రి పనులన్నీ ఒక ఏజెన్సీకి అప్పగించారు. ఏజెన్సీవాళ్ళు నలభై అయిదు దాటినవాళ్ళను వద్దన్నారు. ఎవరైనా సెలవు పెట్టిన రోజున మాత్రం ఫోన్ చేసి పిలుస్తారు. మిగతా రోజులకు ఏదో ఒకటి కావాలి కాబట్టి కూరగాయలు.

మట్టిలో చెయ్యి పెడితే మనసు కుదుటపడుతుందని రాసేవాళ్ళున్నారు. వాళ్ళకు జీతం వేరేచోటినుంచి వస్తుంది. కృపకు మట్టిలో చెయ్యి పెట్టిన రోజునుంచే నిద్ర తగ్గింది. ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి చల్లాలని తెలియక గుండ్రంగా ఉన్నవి ఉన్నట్టే చల్లింది. మూడు వారాలు ఆ మడి ముందు గొంతుక్కూచుంది. ఒక్క మొలక లేదు. వంగనారు ప్రేమగా రెండు పూటలా తడిపి మొదలంటా కుళ్ళబెట్టింది. మళ్ళీ నారు కొని సెప్టెంబరులో నాటింది. బతికిన మొక్కలు నూట ఎనభై చిల్లర. ఏ మొక్కకు ఎన్ని పూలు, ఎన్ని పిందెలు, రోజూ లెక్కపెట్టేది. “కోడిపిల్లల్ని లెక్కపెట్టినట్టు ఆ లెక్కేంటే? అవి ఎక్కడికన్నా నడిచిపోతయ్యా?” అని సువార్తమ్మ ఎగతాళి చేసేది. లెక్క తప్పుతుందేమోనన్న భయం కృపకు ఆస్పత్రినుంచి వచ్చింది. అక్కడ దుప్పటి ఒకటి తగ్గినా ఆయా జీతంలోనే కోత.

ఇంత భయం చాలదన్నట్టు ఆగస్టులో ఒక పని చేసింది. ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేళ్ళకు సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడి, “దేవుడు నాకు ఒక చిన్న పొలం చెక్క ఇచ్చాడు. అందులో నేను మందు లేకుండా పండిస్తాను, మీ అందరి పిల్లలకీ మంచి కూర పెడతాను” అంది. చర్చంతా చప్పట్లు. పాస్టరు గారు వచ్చే వారం ప్రసంగంలో ఆమె పేరెత్తారు. సువార్తమ్మ ఆ మాటను రేవులోనూ, రేషన్ షాపు దగ్గరా, ఎక్కిన ప్రతి ఆటోలోనూ చెప్పింది. మందు లేని కూర అనేది తినేవాళ్ళ ఆదర్శం. పండించేవాళ్ళకు పురుగు ఉంటుంది.

పురుగు నవంబరులో వచ్చింది. ముందు కొమ్మల చివర్లు వాడి తలలు వాల్చాయి. నీళ్ళు చాలలేదేమో అనుకుంది. తరవాత మొదటి కాయలకు సూదిమొనంత చిల్లులు పడ్డాయి. ఒకటి కోసి చూస్తే లోపల తెల్లటి పురుగు, తీరిగ్గా. వీడియోలో చూసి వేపనూనె కొట్టింది. పురుగు దాన్ని లెక్కచెయ్యలేదు. నూట ఎనభై మొక్కల్లో బాగున్న కాయలు రోజురోజుకీ తగ్గుతున్నాయి. కౌలుకు తోడు నారుకీ దున్నకానికీ భర్త దగ్గర తీసుకున్నదంతా ఆ చెక్కలోనే ఉంది. చివరికి ఎవరికీ చెప్పకుండా కంకిపాడు బస్సెక్కింది.

వెంకటకృష్ణారావు డబ్బా బల్లమీద పెట్టాడు. కృప చెయ్యి దాన్ని ముట్టుకోవడానికి ముందుకు పోలేదు.

ఎమర్జెన్సీ వార్డులో పురుగుమందు తాగిన మనిషిని తెస్తే డాక్టరు అడిగే మొదటి మాట, “డబ్బా తెచ్చారా?” వెంట వచ్చినవాళ్ళు వణికే చేతులతో ఆ డబ్బా ఇస్తారు. దానిమీద విషం ఎంత ఘాటో చెప్పే రంగు త్రికోణం ఉంటుంది. ఎర్రదైతే నర్సుల నడక మారిపోయేది. కడుపు కడిగేటప్పుడు తల పట్టుకోవడం, నేల తుడవడం కృప పని. ఆ వాసన బట్టల్లో పట్టి ఇంటిదాకా వచ్చేది. కొందరు లేచి నడిచి వెళ్ళారు. చాలామంది వెళ్ళలేదు. ఎవరు వెళతారో ఎవరు వెళ్ళరో పదహారేళ్ళలోనూ ఆమెకు అంతుబట్టలేదు.

“పసుపుదండి ఇది. ఆకుపచ్చ లేదా?”

ఆయన ఆశ్చర్యపోయాడు. రంగు చూసి అడిగిన గిరాకీ ఆయనకు అరుదు. “ఆకుపచ్చదీ ఉంది. ధర మూడింతలు. నీ పదిహేను సెంట్లకి గిట్టదమ్మా. ఇదే కొట్టు. కొట్టాక వారం దాకా కాయ ముట్టమాక. వారం అంటే వారం. ఆరు రోజులు కాదు.”

“ముట్టుకుంటే?”

“ఏమో. ఏం కాకపోవచ్చు. మార్కెట్‌లో నువ్వు కొనే కాయలు ఎవరు ఎన్నాళ్ళు ఆగి కోశారో నీకేం తెలుసు?”

ఊరటగా చెప్పాలనుకున్న మాట అది. ఆ మాట వింటూనే కృప డబ్బులిచ్చి, డబ్బాను సంచి అడుక్కి తోసింది.

శుక్రవారం సాయంత్రం చుట్టుపక్కల చేలల్లో కూలీలందరూ ఇళ్ళకు వెళ్ళాక అద్దె ట్యాంకు వీపున తగిలించుకుని, ఆస్పత్రి మాస్కు, గ్లవుజులు వేసుకుని, ఏసుపాదం వానకోటు తొడుక్కుని కొట్టింది. కొడుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి, పదడుగులకొకసారి గట్టుమీదకు పరిగెత్తి గాలి పీల్చుకుని వచ్చింది. చూసేవాళ్ళుంటే నవ్వేవాళ్ళు. ముందే బాగున్న కాయలు లెక్కపెట్టింది. ఇరవై మూడు. వచ్చే శుక్రవారం దాకా వాటివైపు చూడకూడదు.

అక్కడ ఒక అలవాటుంది. మందు కొట్టిన చేలో కర్ర పాతి, దానిమీద ఖాళీ డబ్బా బోర్లిస్తారు. చదువు రానివాడికీ అర్థమవుతుంది. గొర్రెలవాడు మంద మళ్ళించుకుపోతాడు, గడ్డికోసేవాళ్ళు పక్క చేనుకు వెళతారు. కృప కర్ర పాతలేదు. పాతితే ఊరంతా చదువుతుంది. ఆగస్టులో తను చెప్పిన సాక్ష్యం మీద డబ్బా బోర్లించినట్టే. మూత బిగించి, డబ్బాను మోటారు పెట్టె వెనక దాచి ఇంటికొచ్చింది. అత్తకు చెప్పలేదు. రెండుసార్లు స్నానం చేసింది. “జొరమొచ్చిందా ఏంటే?” అంది సువార్తమ్మ.

ఆ ఆదివారమే చర్చిలో కోత పండుగ. ఇంట్లో కాసింది, కోసింది ఏదో ఒకటి తొలిపంటగా తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధనయ్యాక వాటిని వేలం వేస్తారు. వచ్చిన సొమ్ము చర్చికి. అక్కడి ధర సరుకుది కాదు, పాడేవాడి పరువుది. వంకాయలు ఇంకా ముదరలేదని అత్తకు చెప్పి, గోంగూర కట్టలు ఇద్దామని కృప అనుకుంది. శనివారం మధ్యాహ్నం ఆస్పత్రినుంచి ఫోన్ వచ్చింది, ఆ రాత్రికి మనిషి తక్కువని. వెళ్ళింది. ఆదివారం పొద్దున బస్సు దిగి నేరుగా చర్చికే నడిచింది.

బల్ల ముందు రెండు అరటిగెలలు, ఒక గుమ్మడికాయ, కాళ్ళు కట్టిన కోడిపుంజు, బియ్యం, కొబ్బరికాయలు. మధ్యలో తమ ఇంటి వెదురు బుట్ట. అందులో వంకాయలు, నిగనిగలాడుతూ.

సువార్తమ్మ ఆడవాళ్ళ వరసలో ముందు కూచుని వెనక్కి తిరిగి కోడలికి సైగ చేసింది. మొహం వెలిగిపోతోంది. కృప పక్కన చేరి గుసగుసలాడింది. “అత్తా, ఎవరు కొయ్యమన్నారు?”

“ఎవరో అనేదేంటే? తొలి కాపు దేవుడికి కాపోతే నీకా? నువ్వు డూటీలో ఉంటివి. నేనే పోయి కోసుకొచ్చా. ముదరలేదంటివే, ఎంత బాగున్నయ్యో చూడు!”

పాస్టరు గారు చేతులు చాచి ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. కృప మూసుకోలేదు. బుట్ట పక్కనే కోడిపుంజు మెడ చాచి ఒక కాయను పొడవబోయి మానుకుంది.

వేలం పాడించేది స్టీఫెన్. చర్చి ట్రెజరరు, హుషారైన మనిషి. అరటిగెలలు అయిపోయాయి. గుమ్మడికాయ అయిపోయింది. కృప పక్కనుంచి వంగి వెళ్ళి, “స్టీఫెనూ, ఆ బుట్ట వేలం వద్దు. తీసెయ్” అంది.

స్టీఫెన్ మైకులో నవ్వాడు. “చూశారా అండీ, కృపక్క తన కాయలకి అంత విలువ లేదంటంది! ఇదీ తగ్గించుకునే మనసంటే. మందు చుక్క పడని కాయలు! ఎవరి పాట?”

చెప్పి ఉండొచ్చు. ఒక్క వాక్యం. రెండు వందల మంది ముందు, మైకు అడుగు దూరంలో ఉండగా, ఆ వాక్యం ఆమె చెప్పలేదు. ప్రాణాల మీదకు వస్తే మనిషి పరువు చూసుకోడని అంటారు. అనేవాళ్ళు ఎప్పుడూ ఒక ఊళ్ళో నివాసం ఉండి ఉండరు.

“రెండొందలు” అని ఎవరో అన్నారు.

“అయిదొందలు” అన్నాడు ఆరోన్ గారు. ఆర్టీసీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. లేచి నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు. “మా కోడలు శాలినికి మూడో నెలండీ. ఏం తిన్నా నిలవట్లేదు. గుత్తొంకాయ ఒక్కటే కావాలంటంది. ఈ బుట్ట నాదే!”

“ఆరొందలు” అంది కృప.

చర్చి గొల్లుమంది. తన కాయలు తనే పాడుకోవడం అందరికీ ముచ్చటేసింది. ఆరోన్ గారికి మరీ ముచ్చటేసింది. వెయ్యి అన్నాడు. కృప పదకొండొందలు. ఆయన రెండువేలు. ఆమె రెండువేల వంద. ఆయనకు ఆట, పక్కవాళ్ళకు వేడుక. “వదలమాకండి ఆరోన్ గారూ!” “దేవుడికే కదక్కా, పెంచు!” కృప ఆయన పెదాలనే చూస్తోంది. ఆ పెదాలు కదిలిన ప్రతిసారీ వార్డులో నేలమీద తెల్లటి నురగ కనిపిస్తోంది. నాలుగువేలు. నాలుగువేల వంద. అయిదువేలు అని ఆయన చెయ్యెత్తాడు.

“అయిదువేల రెండొందలు” అంది కృప.

ఆరోన్ గారు ఎత్తిన చెయ్యి దించాడు. “నీ విశ్వాసానికి నేను చాలనమ్మాయ్. తీసుకో” అని కూచున్నాడు. స్టీఫెన్ ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నాడు. పుస్తకంలో రాశాడు. ఆపైన ఆ చర్చి అలవాటు ప్రకారం అడిగాడు. “మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తావా అక్కా? ఇంకోసారి వేలం వేద్దామా?”

కొన్నవాళ్ళు చాలామంది అలా ఇచ్చేస్తారు. కృప బుట్టను రెండు చేతులా పొట్టకు అదుముకుని, “ఇవ్వను” అంది.

ముచ్చట అక్కడితో ఆగింది. వెనక వరసలో ఎవరో, “దేవుడికి పెట్టిన బుట్ట మళ్ళీ ఇంటికేనంట!” అన్నారు.

ఇంటికొచ్చి తలుపేసి బుట్ట గుమ్మరించింది. లెక్కపెట్టింది. మళ్ళీ పెట్టింది. పంతొమ్మిది.

“అత్తా, ఎన్ని కోశావు?”

“ఉన్నయ్యన్నీ కోశా. ఏం?”

“నాలుగు తగ్గినయ్.”

“ఓ, అవా! చర్చికొచ్చేటప్పుడు ఆరోన్ గారి కోడలు వాకిట్లో నుంచుంది. బుట్ట చూసి నోరూరింది పాపం. కడుపుతో ఉన్న పిల్ల అడిగితే లేదంటామా? నాలుగు కాయలు చేతిలో పెట్టా.”

కృప చెప్పేసింది. శుక్రవారం, ట్యాంకు, డబ్బా, వారం గడువు, అన్నీ. సువార్తమ్మ పొద్దున కాయలు కోసిన తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. ఆ చేతుల్తోనే ఇడ్లీ తింది. “నాకు చెప్పొచ్చు గదే” అని మాత్రం అంది, చిన్నపిల్లలా.

కృప అప్పటికే వీధిలో ఉంది. ఆరోన్ గారి ఇల్లు నాలుగు వీధుల అవతల. మలుపు తిరగ్గానే నువ్వులు, కొబ్బరి వేగిన కమ్మటి వాసన వచ్చింది. ఆ వాసన తగలగానే పరుగందుకుంది.

శాలిని వంటింటి గడపలో పళ్ళెం పెట్టుకుని కూచుంది. “ఆంటీ! ఎంత బాగున్నయ్యో మీ కాయలు. ఇవాళ ఇదొక్కటే నిలిచింది కడుపులో.”

పొయ్యి మీద మూకుడులో మూడు కాయలు. పళ్ళెంలో ఒక తొడిమ.

ఆరోన్ గారు చొక్కా విప్పుతూ లోపలినుంచి వచ్చాడు. “ఏవమ్మాయ్, బుట్ట మనసు మారిందా?”

“బాబాయిగారూ, వాటికి మందు కొట్టాను. ఎల్లుండికి... కాదు, మొన్న. శుక్రవారం. ఆటో పిలవండి.”

ఇలాంటి మాట ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఆమె చెప్పింది వాళ్ళిద్దరికీ ఒకేసారి అర్థం కాలేదు. మొదట అర్థమైంది శాలినికి. పళ్ళెం కింద పెట్టి రెండు చేతులూ పొట్ట మీద వేసుకుంది.

ఆటో వచ్చేలోగా కృప మెరకకు పరిగెత్తి మోటారు పెట్టె వెనకనుంచి డబ్బా తెచ్చింది. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కంకిపాడు, పెనమలూరు, కానూరు, దారిపొడవునా డబ్బాను కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. శాలిని కళ్ళనే చూస్తోంది, పాపలు చిన్నవవుతున్నాయేమోనని. నోట్లో నీళ్ళూరుతున్నాయా అని అడిగింది. “వేవిళ్ళకి రోజూ ఊరతయ్ గదా ఆంటీ” అంది ఆ పిల్ల. ఏది వేవిళ్ళో ఏది విషమో తెలియని ఆ ముప్పావుగంట కృప వార్డులో గడిపిన పదహారేళ్ళకన్నా పొడుగు.

బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. ఆరోన్ గారు కృప వైపు తిరిగాడు.

“పాట అందుకా పెంచావు?”

“అవునండి.”

“చెప్తే పోయేదిగా.”

“పోయేదండి.”

సిగ్నల్ పడింది. ఆటో కదిలింది.

తను పనిచేసిన ఆస్పత్రికే తీసుకెళ్ళింది. డ్యూటీ డాక్టరు కుర్రవాడు. తలెత్తకుండా, “డబ్బా తెచ్చారా?” అన్నాడు. కృప ఇచ్చింది.

“ఎంత తాగింది?”

“తాగలేదండి. తిన్నది. ఒక వంకాయ. కొట్టి రెండు రోజులైంది.”

అతను అప్పుడు తలెత్తాడు. తరవాత త్రికోణం చూశాడు. నాడి చూశాడు, కళ్ళల్లో లైటు వేశాడు, రక్తం తీయించాడు. ఏం కాకపోవచ్చు, అయినా గర్భిణి కాబట్టి రాత్రి ఎనిమిది దాకా ఉంచుదాం అన్నాడు. కొట్టు వెంకటకృష్ణారావు చెప్పిన మాటే. చదువుకున్నవాడు చెప్పినా ఆ ‘కాకపోవచ్చు’లో చివరి ‘వచ్చు’ ఒక్కటే ఆమెకు వినబడింది. మంచం పక్కన నిలబడింది. ఎవరో కూచోమన్నారు. కూచోలేదు. కడుపు కడగాలంటే తల ఎవరు పట్టుకుంటారని చూస్తే, ఆదివారం ఆయా లేదు.

ఎనిమిదికి శాలిని ఆకలి అంది. ఇంటికి పంపించారు. ఆ పిల్లకు ఏమీ కాలేదు. జూన్‌లో ఆడపిల్ల పుట్టింది, మూడు కిలోలు. అయినా ఆ ఇంట్లో ఇప్పటికీ వంకాయ వండరు. ఆరోన్ గారు కృప ఎదురైతే తల ఊపుతాడు, అమ్మాయ్ అని మాత్రం పిలవడు.

ఊరికి తెలియడానికి ఒక్క రోజు పట్టింది. పాస్టరు గారు ఇంటికొచ్చి, దేవుడు కాపాడాడు, ఇది కూడా ఒక సాక్ష్యమే, వచ్చే వారం లేచి చెప్పమన్నారు. కృప ఒకసారి చెప్పిన సాక్ష్యం చాలండి అంది.

పంతొమ్మిది కాయల్నీ మెరక మూల గొయ్యి తీసి పూడ్చింది. కర్ర పాతింది. ఆస్పత్రినుంచి తిరిగి తెచ్చుకున్న డబ్బాను, పసుపు త్రికోణం బయటికి కనబడేలా దానిమీద బోర్లించింది. సువార్తమ్మ రోజూ దారిన పోతూ ఆ డబ్బా ఉందో లేదో చూసి మరీ వెళుతుంది.

ఇప్పుడు కంకిపాడు బజార్లో కృప గోనె పరుచుకుని కూచునేచోట ఒక పలక ఉంటుంది. “మందు కొట్టింది ఫలానా తేదీ, కోసింది ఫలానా తేదీ” అని సుద్దముక్కతో రాస్తుంది. రెండు తేదీలకూ మధ్య ఎడం ఎప్పుడూ తొమ్మిది రోజులకు తగ్గదు. సగంమంది అది చదివి, పలక లేని పక్క గోనె దగ్గర కొంటారు. ఆ పక్కామె నవ్వుతుంది. “రాయకుంటే పోయేదానికి ఎందుకు రాస్తావే పిచ్చిదానా?” కృప కాయలు సర్దుకుంటుంది. అమ్మిన రోజు రాత్రి నిద్ర పట్టదు. ఎవరింటినుంచి ఆటో బయల్దేరుతుందోనని చెవి వీధి వైపే ఉంటుంది.

వేలం రద్దు చెయ్యమని ఆమె అడగలేదు. చర్చి కమిటీలో ఒకరు ఆ మాట ఎత్తారు. పాట పాటే, పుస్తకంలో ఎక్కిందని స్టీఫెన్ అన్నాడు. అయిదువేల రెండొందల్లో ఇప్పటికి పదిహేనొందలు కట్టింది. మూడువేల ఏడొందలు ఇంకా బాకీ.